తువ్వాలు కింద పాచిక

బ్రాడీపేటలో నా పళ్ళ క్లినిక్‌కి ఆదివారం సెలవు. ఆ మధ్యాహ్నాలు మేం నలుగురం వెయిటింగ్ హాల్లో కూర్చుని ఆడుకునేవాళ్ళం. చదరంగమూ కాదు, పేకాటా కాదు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు అందులో మనుషులవుతారు. ఇప్పుడు నువ్వేం చేస్తావు అని అడుగుతారు, చేసింది ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నలభై దగ్గర పడుతున్నవాళ్ళకి ఇదేం పిచ్చి అని మా అత్తగారు మూతి మూడు వంకర్లు తిప్పేవారు. ఆవిడ చూసే సీరియల్ కన్నా మా కథే నయమని నేనూ తగ్గేదాన్ని కాదు.

కథ నడిపేవాడు తోమా. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తా. వాళ్ళ నాన్న కాలంలో అక్కడ బేరం నోటితో చెప్పేవారు కాదట. చేతుల మీద తువ్వాలు కప్పి, కింద వేళ్ళు నొక్కి ధర తెలిపేవారట. తోమా పాచికను కూడా అలాగే తువ్వాలు కింద వేసేవాడు. అంచు ఎత్తి తనొక్కడే చూసి, "ఆఁ, గండం గట్టెక్కింది" అనేవాడు. ఆరేళ్ళ ఆటలో మాలో ఒక్కరం కూడా చావలేదు. అబద్ధమాడుతున్నాడని మా అందరికీ తెలుసు. నిలదీస్తే ఆట చెడుతుందని ఎవరం అడగలేదు.

ఆఖరి ఆదివారం కథలో మల్లికి విషబాణం తగిలింది. పడవ నడిపే ఆ మల్లి మా రెబ్కా, తోమా భార్య. బతుకుతుందో లేదో వచ్చేవారం చూద్దామని తోమా తువ్వాలు మడతపెట్టాడు. ఆ వారంలోనే కడుపునొప్పని ఆస్పత్రిలో చేరాడు. మళ్ళీ ఇంటికి రాలేదు.

తోమా సొంతూరు పర్చూరులో, పోయినవాళ్ళ కోసం చేసే ఆదరణ కూడిక అయిపోయి జనం భోజనాలకి లేచినప్పుడు రెబ్కా మా దగ్గరికొచ్చింది.

"మల్లి సంగతి తేలనేలేదు కోటేషూ," అంది. "అది ఆయన నోటితో వినాలనుంది. ఆ ఒక్కటే."

మరొకరైతే ఓదార్చి ఊరుకునేవారు. ఆటలో నాలుగోవాడు మా కోటేష్ కంప్యూటర్ల మనిషాయె. మా ఆటలన్నీ ఫోన్లో రికార్డు చేసి దాచుకున్నాడు. వాటిని, ఆట నియమాలతో సహా, ఏఐకి నేర్పించి తోమా గొంతు తయారుచేశాడు. కొత్తరకం పాచిక కూడా ఒకటి తెప్పించాడు, పడ్డ అంకెను అదే ఫోన్‌కి చెప్పేస్తుంది.

"పాతిపెట్టినవాణ్ణి మళ్ళీ లేపుతావట్రా, నువ్వేమన్నా దేవుడివా?" అని వాణ్ణి తిట్టిపోశాను. తిట్టానే గానీ, ఆదివారం క్లినిక్ తాళం తీసింది నేనే. నాకూ ఆ గొంతు వినాలని ప్రాణం కొట్టుకుపోయింది.

"ఏరా కోటేషూ, అన్నం తినొచ్చావా, ఇక్కడే మేస్తావా?" అంది బల్ల మీది స్పీకర్.

అదే జీర, అదే వెటకారం. రెబ్కా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. కాసేపు ఆట బాగానే సాగింది. నదినీ, ఇసుకతిన్నెలనూ, మిరపకాయలు ఆరబోసిన కళ్ళాలనూ అచ్చం తోమా చెప్పినట్టే చెప్పింది ఆ గొంతు.

"మల్లీ, విషం గుండె దాకా పాకింది. ఎనిమిదో ఆ పైనో పడితే బతుకుతావు. వెయ్యి."

రెబ్కా కళ్ళు మూసుకుని పాచికను బల్ల మీద వేసింది.

"మూడు," అంది తోమా గొంతు. "మల్లి ఊపిరి ఆగిపోయింది. పడవ దానంతటది ఒడ్డుకి కొట్టుకొచ్చింది."

తోమా అన్న మాటలన్నీ దానికి నేర్పాం. తువ్వాలు కింద పడిందేమిటో, తోమా దాచిందేమిటో ఏ రికార్డులో ఉంటుంది? మాది వట్టి అదృష్టం అనుకుని ఉంటుంది ఆ యంత్రం.

కోటేష్ గబగబా ఫోన్ అందుకున్నాడు. "ఒక్క నిమిషం వదినా. మారుస్తా. బతికిందనే చెప్పిస్తా."

"వద్దు," అంది రెబ్కా. "నువ్వు చెప్పిస్తే చెప్పేది నాకెందుకు? ఆయన ఎవరూ చెప్పకుండానే ఆడేవాడు ఆ అబద్ధాలు."

మళ్ళీ తనే అంది: "ఆస్పత్రిలో అడిగాడు, డాక్టరేమన్నాడే అని. నయమైపోద్దన్నాడండీ అన్నాను. నా మొహం చూసి, సరేలే అని అటు తిరిగి పడుకున్నాడు. అంతా తెలిసిపోయింది ఆయనకి. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఒకళ్ళకొకళ్ళం వీడుకోలైనా చెప్పుకోలేదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"ఆయనకన్నా ముందు పోవాలనుకునేదాన్ని. ఆటలోనైనా పోయాను. ఉండనీ కోటేషూ."

"ఏంటి, అందరూ నోళ్ళు కుట్టేసుకున్నారా?" హుషారుగా అడిగింది తోమా గొంతు. "తర్వాత ఎవరి వంతు?"

రెబ్కా స్పీకర్ మీదికి వంగింది. జ్వరంతో ఉన్న మనిషికి దుప్పటి సర్దుతున్నప్పటి గొంతుతో, "డాక్టరు నయం కాదన్నాడండీ," అంది. "ఇంక పడుకోండి."

తనే మీట నొక్కి ఆపేసింది. మేం ముగ్గురం అప్పుడు ఏడ్చాం, సమాధి దగ్గర కూడా అంతలా ఏడవలేదు.