మెత్తని మాట

ఆరేసిన జాకెట్లలో పొడుగు చేతులది ఇంకా తడిగానే ఉంది. చిన్నకోడలు దాన్నే ఇస్త్రీ చేసి తొడుక్కుంది. ఈ ఎండల్లో అదేమిటని అత్తగారు అడగలేదు, ఆవిడకు తెలుసు. "వాడికి కోపమొస్తే చెయ్యి ఆగదు గానీ, మనసు వెన్నే అమ్మాయ్" అని మాత్రం, కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా అంది. మొగుడైతే ముందే తేల్చేశాడు. "చెయ్యి తగిలిందంతే. దానికింత రాద్ధాంతమా?"

ఆఫీసులో ఆమెది మాటలు మార్చే పని. ఆస్పత్రుల యాప్‌కి నియమాలు రాయాలి. ఎడమవైపు పాత మాట, కుడివైపు కొత్త మాట పెడితే చాలు, ప్రతి తెర మీదా అది మారిపోతుంది. ఆ రోజు మేనేజరు మేడమ్ వచ్చింది. ఆవిడ వరసకు ఆడపడుచే. ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే.

"ఆడవాళ్ళ వార్డులో రోగుల్ని అడిగే ప్రశ్నల్లో 'కొట్టడం' అనే మాట మోటుగా ఉందంటున్నారు. 'ఇబ్బంది పెట్టడం' అని మార్చెయ్."

అన్నంత తేలిక కాదు. తెలుగు క్రియ ఒకచోట కుదురుగా కూర్చోదు, ప్రతి రూపాన్నీ విడిగా రాయాలి. కొట్టాడు. కొట్టేవాడు. కొడతాడు. కొడితే. తల్లితో ఫోన్లో కూడా "ఆయనకి కోపమెక్కువ" అనడమే తప్ప, ఈ మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. ఇప్పుడు వరసపెట్టి టైపు చేయాల్సి వచ్చింది. వెనక ఎవరైనా చూస్తున్నారేమోనని భయం వేసి తిరిగి చూసింది. ఎవరూ లేకపోయినా భయం పోలేదు.

మార్చాక తెర తెరిచి చూసింది. "మీ ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నారా?" కింద అవును, లేదు. వేలు దానంతటదే 'లేదు' మీదికి పోయింది. 'లేదు' నొక్కితే డాక్టరుకు కబురు వెళ్ళదు. నొక్కిన మనిషి మందు రాయించుకుని మళ్ళీ ఆ ఇంటికే వెళ్తుంది.

ఆ ఒక్క ప్రశ్నకు నియమం వర్తించకుండా మినహాయింపు పెట్టి, పని పంపేసింది.

కాసేపటికే మేడమ్ గదిలోకి పిలిచింది. "ఇదొక్కటీ ఎందుకు మారలేదు?"

మరిచిపోయానంటే సరిపోతుంది. ఇక్కడ తుమ్మితే ఇంట్లో వినపడుతుందని తెలుసు. సాయంత్రం తలుపు తీసేది ఆయనే.

"మారిస్తే, ఆ ప్రశ్నకి నేనూ లేదనే నొక్కుతాను మేడమ్. మీ తమ్ముడు నన్ను ఇబ్బంది పెట్టడు. కొడతాడు."