డ్వెయిన్ నింపిన ముప్పై తూటాలు

ఓర్వల్ టీటర్‌కి డెబ్బై ఒకటి నిండాయి. అమెరికాలోని నెబ్రాస్కా పడమటి కొసన ఉన్న ఆ ఊళ్లో ఎవరి తుపాకీ మొరాయించినా అతని కొట్టే గతి. మనిషి మంచివాడే. కాకపోతే తనకు తెలియనిదేదీ లేదన్న ధీమా నెత్తికెక్కి కూర్చుంది.

అక్టోబరు మొదట్లో లెనోరా ఆ కొట్టుకి వచ్చింది. ఒక చేతిలో పోయిన శీతాకాలంలో చనిపోయిన భర్త డ్వెయిన్ వాడిన కార్బైన్ తుపాకీ, రెండో చేతిలో ప్లాస్టిక్ తూటాల పెట్టె.

"ఏటా తుపాకీ క్లబ్బులో పోయినవాళ్ల పేరు మీద పోటీ పెడతారుగా, ఈసారి ఆయన పేరు మీద. ముప్పై తూటాలు కాల్చాలి. ఆయన చేత్తో తుపాకీ మందు నింపినవి సరిగ్గా ముప్పై మిగిలాయి," అంది. "కానీ ఈ తుపాకీ తన్నే తన్నుకి ఆపరేషనైన ఈ భుజం తట్టుకోదు ఓర్వల్. నేను ఓడితే ఓడాను. ఆయన తూటాలు సగంలో వదిలేసి ఇంటికి రావడం మాత్రం నావల్ల కాదు."

"దూది మెత్తన చేసిస్తాగా. నువ్వు నిశ్చింతగా వెళ్లు."

తూటా పేలినప్పుడు పుట్టే గ్యాస్‌లో కొంత వెనక్కి మళ్లి బోల్టును నెడుతుంది. ఆ ఊపుకే ఖాళీ తొడుగు బయటికి ఎగిరి, కొత్త తూటా లోపలికి వస్తుంది. ఊపు ఎక్కువైతే భుజానికి దెబ్బ. ఓర్వల్ ఆ గ్యాస్ దారికి ఒక స్క్రూ అమర్చాడు. తుపాకీ మడమలోని స్ప్రింగునూ బరువునూ మార్చాడు. కొట్టు వెనక మట్టిదిబ్బ మీదికి కాల్చి చూసుకుంటూ, స్క్రూని ఒక్కో మెట్టూ బిగించుకుంటూ పోయాడు. డ్వెయిన్ తూటా ఒక్కటి కూడా వృథా చేయకూడదని బజార్లో కొన్నవే వాడాడు. డ్వెయిన్ వేసే మందు కొలత ముప్పై ఏళ్లుగా నోటికి వచ్చు, దానిదీ బజారుదీ ఒకటే బలం అనుకున్నాడు. ఆ పెట్టె మూతైనా తీసి చూడలేదు మహానుభావుడు!

పోటీ రోజు ఉదయం చలిగాలి కోసేస్తోంది. లెనోరా మొదటి తూటా కాల్చింది. ఖాళీ తొడుగు సగం బయటికొచ్చి ఇరుక్కుపోయింది. ఆ భుజంతోనే బోల్టు లాగి దులిపి మళ్లీ కాల్చింది. మళ్లీ అదే. నాలుగోదానికి ఆమె మొహం పాలిపోయింది.

ఓర్వల్ పరుగున వచ్చాడు. "ఆపెయ్ లెనోరా. నా దగ్గర వేరే తూటాలున్నాయి, అవి వేసుకో."

"నోర్ముయ్ ఓర్వల్! అవి ఆయన నింపినవా?"

పోటీ జరిపిస్తున్న అధికారి కాల్పులు ఆపించి, తుపాకీ ఖాళీ చేయించి బల్ల మీద పెట్టించాడు. ఓర్వల్ అప్పుడు తీశాడు పెట్టె మూత. లోపల చీటీ మీద డ్వెయిన్ వంకర రాత. తేదీ, మందు పేరు, కొలత. కొలత ఎప్పటికన్నా రెండు గ్రెయిన్లు, అంటే రెండు గింజలంత బరువు, తక్కువ.

"నీ ఆపరేషన్ ఎప్పుడు?"

"నిరుడు మార్చి పన్నెండు. ఏం?"

"ఇవి నింపింది అదే మార్చి పంతొమ్మిదిన," అన్నాడు ఓర్వల్. "ఆయన అప్పుడే నీ భుజం కోసం మందు తగ్గించేశాడు. దాని మీద నేను గ్యాసూ తగ్గించాను. ఇక బోల్టు కదలడానికి బలమెక్కడిది? చీటీ చదవాల్సింది లెనోరా. బుద్ధి గడ్డి తింది, క్షమించు."

"నాతో ఒక్క ముక్క అనలేదే!" ఆమె బల్ల పట్టుకుని నిలబడింది. "మందు ఖరీదు పెరిగిందని సణుక్కుంటూ నింపాడు. పిసినారివని నేనూ ఆటపట్టించాను."

ఓర్వల్ బిగించిన మెట్లన్నీ వదులు చేశాడు. లెనోరా మళ్లీ గురి పెట్టింది. మిగిలిన ఇరవై ఆరూ ఒక్కటీ ఇరుక్కోలేదు. ఆమె ఏడుస్తూనే కాల్చింది, లక్ష్యాలు సగం తప్పాయి, వరసలో అందరికన్నా ఆఖరున నిలిచింది. భుజం మాత్రం నొప్పి పెట్టలేదు.

సొంతంగా మందు నింపుకునేవాళ్లు, మళ్లీ నింపడానికి పనికొస్తాయని, ఖాళీ తొడుగుల్ని నేల మీద వదిలిపోరు. ఆ పూట అక్కడున్నవాళ్లంతా వంగి గడ్డిలో వెతికి, ముప్పై తొడుగుల్నీ ఒక టోపీలో పోసి ఆమెకిచ్చారు. లెనోరా వాటిని ఒక్కొక్కటే పెట్టెలో వరసగా పేర్చింది.

"నింపడం నాకు నేర్పుతావా ఓర్వల్? ఇదే కొలత. వచ్చే ఏడూ ఇవే కాలుస్తాను."

"నేర్పుతాను," అన్నాడు. పెట్టె అందుకుని, ముందుగా మూతలోని చీటీ పైకి చదివాడు.