కోడి పేగులు, తీజ్ బుట్ట

బోధన్‌లో మా వీధి చివర ముత్యం కోళ్ల దుకాణం ఉండేది. రోజూ గంపెడు పేగులు, ఈకలు తీసుకుపోయి కాలువ గట్టున పారబోసేవాడు. తొంభై ఏడులో ఆ గంప మీద ఇద్దరు ఆడవాళ్లం కన్నేశాం. ఒకరు బి.ఎస్సీ. చదివి పప్పుచారు కాచుకుంటున్న నేను. రెండోవారు ఊరవతల లంబాడీ తాండా నుంచి కూరగాయలు అమ్మవచ్చే రుక్మాబాయి.

తాండా చేలల్లో సారం చచ్చి జొన్న మోకాలు దాటడం లేదు. ఊళ్లో పెద్ద చెరుకు రైతు రామకోటేశ్వరరావు గారు ఆ ముప్పై ఎకరాలూ చెరుకుకు కౌలు అడుగుతున్నారు. తాండా పెద్ద రామ్‌దాస్ నాయక్ సగం ఒప్పుకున్నాడు కూడా.

"చెరుకు వెడ్తే పిల్లలేం తింటరక్కా? జొన్నలు గూడ బజార్ల కొనుడేనా?" అంది రుక్మాబాయి.

మే నెలాఖరున నా పాత పుస్తకమొకటి చూసి ఆమె చేను మూలన ఎరువు కుప్ప పెట్టాం. చెరుకు ఆకు ఒక వరస, పేగులు ఒక వరస, మేకల పెంటికలు ఒక వరస, పైన మన్ను. మా అత్తగారు వారం రోజులు నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. పెళ్లయ్యాక నాకు దొరికిన మొదటి సెలవు అదే.

నాయక్ వచ్చి ముక్కు మూసుకునే తీర్పు చెప్పాడు. "గీ మన్నుల తీజ్ గోధుమలు మంచిగ మొలిస్తె చెరుకు లేదు. ఎండితె సార్‌కు మాటిస్త."

తీజ్ అంటే శ్రావణంలో తాండా పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచే పండగ. మొలక పచ్చగా ఉంటే ఆ ఏడు పంటకు ఢోకా లేదని నమ్మకం.

పుస్తకం ప్రకారం నలభై అయిదో రోజు కుప్ప విప్పాను. ఆ మన్ను డబ్బాలో పోసి గోధుమలు చల్లితే మొలకలు పసుపు తిరిగి పడిపోయాయి. రుక్మాబాయి పోయి కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది.

"ఇంక ఉడుకుతనే ఉంది. సగముడికిన బువ్వ పెడితె కడుపునొయ్యదా అక్కా?"

"పుస్తకంలో నలభై అయిదు రోజులని..."

"నీ పుస్తకం చెయ్యి పెట్టి సూసిందా?"

పండక్కి నెల ఉంది. అయిదు రోజులకోసారి ఆమె పారతో కుప్ప తిరగేసింది. నేను నీళ్లు చల్లాను, సలహాలు మానుకున్నాను. చివరికి లోపల చల్లబడి, తొలి వాన పడ్డ నేల వాసన వచ్చింది.

తొమ్మిదో రోజు బుట్టలెత్తారు. మా కుప్ప మన్ను పోసిన రుక్మాబాయి కూతురి బుట్టలో నారు జానెడు దాటి చిక్కటి పచ్చగా ఊగుతోంది. పిల్లలంతా "గదేం మన్ను, మాకెందుకియ్యలే?" అని ఒకటే గోల. మాట తీసుకుపోదామని ఇస్త్రీ చొక్కాతో వచ్చిన రామకోటేశ్వరరావు గారు కూడా వంగి చూశారు.

"సార్, చెరుకు లేదు. యాసంగికి జొన్ననే," అన్నాడు నాయక్.

మర్నాటి నుంచి ముత్యం గంప కోసం తాండా ఆడవాళ్లు వంతులేసుకున్నారు. ఒక కుప్ప ఎనిమిదయింది. మాఘంలో కంకులు పిడికిలంత తిరిగాయి, ఏ ఇంట్లో చూసినా జొన్నల గుమ్మి నిండింది.

కోతల నాడు రామకోటేశ్వరరావు గారు గట్టు మీద నిలబడి, "రుక్మాబాయి గారూ, మీ ఎరువు రెండు బళ్లు ఇప్పిస్తారా? మా చెరుకు కూడా నీరసంగా ఉందండీ," అన్నారు.

రుక్మాబాయి కొడవలి ఆపలేదు.

"తాండకు సరిపోయినంక సూద్దాం సార్. అందాక లైన్ల నిలవడుండ్రి."