గేదె కొమ్ములు

నేను ఒక కమాను పట్టీని. లారీ చక్రాలకు పైన విల్లులా వంగి ఉండి, గోతుల దెబ్బ బండికి తగలకుండా కాచే ఉక్కు పట్టీని. కొలిమిలో ఎర్రగా కాగి, నూనెలో మునిగి లేచిన నాడే నాకు తెలుసు, నేను అంత తేలిగ్గా విరిగేదాన్ని కానని.

మస్తాన్ అనే డ్రైవరు లారీ కింద చాలా ఏళ్లు పనిచేశాను. గుంటూరు మిరపకాయలు, మాచర్ల రాళ్లు, అన్నీ మోశాను. బండి కుదుపు లేకుండా పోతే ఆయన తన డ్రైవింగును మెచ్చుకునేవాడు. కుదిపితే నన్ను తిట్టేవాడు. మనుషుల లెక్కలు అలాగే ఉంటాయి. లారీ మూలపడ్డాక నన్ను పాత ఇనుము కొట్లో పడేశారు.

అక్కడ నన్ను ఏరుకున్నది ఇందుమతి. తెనాలి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పాత ఇనుముతో బొమ్మలు చేస్తుంది. దగ్గర్లోని ఊరి పాల సంఘం తమ గేటు ముందు నిలపడానికి ఒక గేదె బొమ్మ కావాలంది. డ్రమ్ము రేకులతో ఒళ్లు, సైలెన్సరు గొట్టాలతో కాళ్లు, క్లచ్ వైరుతో తోక అమిరాయి. కొమ్ములే కుదరలేదు. నన్ను చూడగానే షెడ్డుకు తెచ్చి, రెండు చేతులా ఎత్తి బొమ్మ తల మీద పెట్టి చూసింది. కోయలేదు, కొనలు మాత్రం కాల్చి కాస్త తిప్పింది. రెండు కొమ్ములూ నేనే అయ్యాను.

సంఘం అధ్యక్షుడు వీరాస్వామి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"బాగానే ఉందమ్మా. కానీ ఈ తుప్పు రంగేంటి? బంగారు రంగు కొట్టించు."

"గేదె బంగారు రంగులో ఉండదండీ. రంగేస్తే ఏ ముక్క ఎక్కడిదో కనపడదు. నేను వెయ్యను."

"అయితే నువ్వే ఉంచుకో," అని ఆయన వెళ్లిపోయాడు.

వానాకాలమంతా షెడ్డు ముందే తడిశాం. ఇందుమతి ఇంకో పని మొదలుపెట్టలేక, రంగు డబ్బా కొనలేక, మా వైపు చూస్తూ కూర్చునేది. నాకు దిగులనిపించలేదు. ఆమె అన్నది నిజమని నాకు తెలుసు.

ఒక పొద్దున్న నాగమణి తన గేదెలను తోలుకుపోతోంది. ఆమె రోజూ సంఘానికి పాలు పోసే మనిషి. గౌరి అనే గేదె మంద విడిచి వచ్చి నన్ను వాసన చూసి, మెడ రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఎంత అదిలించినా కదలలేదు.

"దీనికి తోడు దొరికిందమ్మా," అని నవ్వి, నాగమణి ఇందుమతిని సంగతంతా అడిగి తెలుసుకుంది.

మర్నాడు పాలు పోసే ఆడవాళ్లంతా వచ్చి మమ్మల్ని చూశారు. తర్వాత సంఘం మీటింగులో నాగమణి లేచి నిలబడింది.

"మా గేదె బొమ్మనెందుకు తెప్పించలేదండీ?"

"బంగారు రంగు వెయ్యనందమ్మా," అన్నాడు వీరాస్వామి.

"బంగారు గేదె పాలిస్తదా అండీ?"

అందరూ నవ్వారు. చివరికి వీరాస్వామి కూడా. ఆ వారమే ట్రాక్టరు మీద సంఘానికి చేరుకున్నాం. ఆవిష్కరణ నాడు, ఇనుము ఇనుములాగే ఉండాలని తానే పట్టుబట్టానని ఆయన మైకులో చెప్పాడు. ఇందుమతి చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు సాయంత్రాలు ఆడవాళ్లు పాలు పోసి, ఖాళీ క్యాన్లు నా కొనలకు తగిలించి కబుర్లలో పడతారు. మొన్న ఇందుమతి అది చూసి, ఏదో అనబోయి, తన చేతిసంచి కూడా నాకే తగిలించి వాళ్ల పక్కన కూర్చుంది.