పాపటోయిటోయిలో సన్మానం

నాకు ఓపిక తక్కువ. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

ఆక్లాండ్ వచ్చే తెలుగు పాటల షూటింగులకు వ్యాన్లు, గదులు, పర్మిషన్లు చూసిపెట్టడం నా పని. చదువుకోవడానికి వచ్చి, మనురేవాలో ఒక డైరీలో, అంటే ఇక్కడి వీధి చివరి చిల్లర కొట్టులో, నాలుగేళ్లు కౌంటర్ వెనక నిలబడి, పాలూ బ్రెడ్డూ అమ్మి, చివరికి ఇందులో కుదురుకున్నాను. 2016 ఫిబ్రవరిలో వచ్చిన యూనిట్ మాత్రం తెలుగుది కాదు. ఒక దేశాన్ని ఏలుతున్న సైన్యాధిపతి జీవితకథ తీయడానికి వచ్చారు. ఆ దేశం పేరు రాయను, మనవాళ్లు ఇంకా అక్కడున్నారు. ఆయన చిన్నప్పుడు గొర్రెలు కాసిన కొండలు కావాలట. వాళ్ల కొండల నిండా తిరుగుబాటుదారులే కాబట్టి మా కొండల మీద పడ్డారు. గొర్రెలకైతే మాకు కొదవ లేదు.

కెమెరామన్ రామమోహన్ గారు తెలుగువారు, తెనాలి వైపు. యాభై దాటాయి. ప్రకటనలు తీయడానికి రెండేళ్ల ఒప్పందం మీద ఆ దేశం వెళ్లారు. వెళ్లిన ఏడాదికే సైన్యం గద్దెనెక్కింది. భద్రత కోసమంటూ పాస్‌పోర్టులు తీసేసుకుని, ఆయన్నీ ఆయన అసిస్టెంటు గిరిధర్‌నీ ప్రభుత్వ ఫిల్మ్ యూనిట్‌లో పడేశారు. ఆరేళ్లుగా కవాతులు, వంతెనల ప్రారంభోత్సవాలు, ఇంకా టీవీలో నేరం ఒప్పుకునే ఖైదీలు.

"వాళ్లకి దీపాలు అమర్చింది నేనేనమ్మా నవీనా," అన్నారొకరోజు వ్యాన్‌లో. "ముఖం మీద దెబ్బలు కనపడకూడదనేవాళ్లు. కనపడకుండా చేసేవాణ్ణి. బాగానే చేసేవాణ్ణి."

వెనక సీట్లో మేజర్ కూర్చుని ఉన్నాడు. వీళ్లకి కాపలాగా వచ్చిన మనిషి. రామమోహన్ గారి పాస్‌పోర్టు అతని నడుముకున్న సంచీలోనే ఉండేది. అతనికి తెలుగు రాదు, ఇంగ్లీషు వచ్చు. అందుకని అతని ముందు మేం ఇంగ్లీషు ముక్క దొర్లకుండా మాట్లాడేవాళ్లం. పాస్‌పోర్టుని పుస్తకం అనేవాళ్లం, లాయర్‌ని వకీలు అనేవాళ్లం. పదిహేనేళ్లుగా ఇంగ్లీషు కలపకుండా ఒక వాక్యం అనని నాకు నాలుక మెలిపడేది.

అలాగే మెల్లమెల్లగా ఒక ఏర్పాటు చేసుకున్నాం. గిరిధర్‌ని వాళ్లు అక్కడే ఉంచేశారు, ఈయన తిరిగొస్తాడన్న పూచీ కింద. శనివారం అతను చేపల లారీలో సరిహద్దు దాటుతాడు. మా లెక్కన సాయంత్రం ఆరింటికి నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, అమ్మకి జ్వరం తగ్గిందని. అది వచ్చాకే రామమోహన్ గారు కదులుతారు. ఊళ్లోనే ఫ్లాట్ బుష్‌లో, ఆశ్రయం అడిగే కాగితాలతో లాయర్ ఎదురుచూస్తూ ఉంటుంది. ఆరు లోపల మేజర్‌కి అనుమానం వచ్చి ఒక్క ఫోన్ కొట్టాడంటే అక్కడ గిరిధర్ పని అయిపోతుంది.

"ముందు వాడు దాటాలి. నా సంగతి తర్వాత," అనేవారాయన రోజూ. "వాడికి పాతికేళ్లప్పుడు వాడి అమ్మ చేతుల్లోంచి తీసుకెళ్లాను."

శనివారం షూటింగ్ లేదు, అలాంటి రోజు మేజర్ ఆయన్ని మోటెల్ గది దాటనిచ్చేవాడు కాదు. అతను కాదనలేని పని ఒక్కటే తోచింది నాకు. సన్మానం! మా పాపటోయిటోయి పేట హాల్లో తెలుగు సంఘం వాళ్ల సన్మానం, మేజర్ గారికి కూడా శాలువా. వంటగదికి వెనక తలుపుంది, దాని ముందు నా కారు.

సంఘం అధ్యక్షుడు బాలసుబ్రహ్మణ్యం అంకుల్ దగ్గరికి వెళ్లాను. మంచి మనిషి. మైకు దొరికితే మాత్రం వదలడు.

"ఐదు రోజుల్లో సన్మానమేంటమ్మా? కమిటీ కూర్చోవాలి, ఇన్విటేషన్ వేయాలి. నెక్స్ట్ మంత్ చూద్దాంలే."

"నెక్స్ట్ మంత్‌కి ఆయన ఉండరు అంకుల్."

"ఉండకపోతే ఎలా? అంత అర్జెంట్ ఏముంది?"

అక్కడ నాకు ఒళ్లు మండింది. "ఆయన ఆ రోజే ఆ మిలిటరీ వాళ్ల నుంచి తప్పించుకుని ఇక్కడే ఉండిపోబోతున్నారు, లాయర్ కూడా రెడీ, చాలా? ఆ మేజర్‌కి మాత్రం తెలియకూడదు," అనేసి విసవిసా వచ్చేశాను. గిరిధర్ సంగతి చెప్పలేదు. ఆరు గంటల సంగతీ చెప్పలేదు. చెప్పడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టేది.

శనివారం నాలుగింటి కార్యక్రమం మామూలుగానే ఐదింటికి మొదలైంది. నూటయాభై మంది వచ్చారు. ప్రార్థనాగీతం, పిల్లల డాన్సు, శాలువాలు. మేజర్ శాలువా సర్దుకుని ఫొటోలకి నవ్వుతున్నాడు. నేను మూడో వరసలో కూర్చుని ఫోన్ తిప్పుతూనే ఉన్నాను. ఐదూ ఇరవై. ఐదూ ఇరవైఐదు. అంకుల్ మైకు అందుకున్నాడు.

"ఇప్పుడు మీకందరికీ ఒక గుడ్ న్యూస్! మన రామమోహన్ గారు టుడే నుంచి న్యూజిలాండ్‌లోనే పర్మనెంట్‌గా సెటిల్ అవుతున్నారు. లాయర్ కూడా రెడీ! ఆ మిలిటరీ వాళ్ల దగ్గరికి రిటర్న్ వెళ్లే క్వశ్చనే లేదు. ఇది మనలో మనమాట, సీక్రెట్!"

హాలంతా ఈలలు. మేజర్ కూడా రెండుసార్లు చప్పట్లు కొట్టి ఆగిపోయాడు. తర్వాత శాలువాతోనే లేచి, గోడ పక్కకు వెళ్లి, ఫోన్ తీశాడు.

నేను ఫోన్ చూసుకున్నాను, ఐదున్నర. రామమోహన్ గారు మాత్రం నవ్వుతూ వెళ్లి అంకుల్ చేతిలోంచి మైకు తీసుకున్నారు. మేజర్‌కి అర్థమయ్యేలా ఇంగ్లీషులో మాట్లాడారు. అధ్యక్షుల వారు అభిమానం కొద్దీ హాస్యమాడారని, తను సోమవారం విమానం ఎక్కుతున్నానని చెప్పారు. తనకు అన్నం పెట్టిన ఆ మహానాయకుడి కథ పూర్తి చేయడమే తన జన్మకు సార్థకత అన్నారు. ఆ నాయకుడి దయ గురించి, ధైర్యం గురించి ఐదు నిమిషాలు పొగిడారు. ఎక్కడా గొంతు తడబడలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జనానికి ఏం జరుగుతోందో తెలియలేదు. మేజర్ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నా వైపు చూశాడు. రామమోహన్ గారూ నా వైపే చూశారు, బతిమాలుతున్నట్టు.

నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. అరచేతులు మండేలా కొట్టాను. నన్ను చూసి హాలంతా కొట్టింది.

ఆరయింది. ఆరున్నర అయింది. మెసేజ్ రాలేదు. భోజనాల దగ్గర సందు చూసుకుని ఆయన పక్కకు చేరాను.

"బాబాయ్ గారూ, తలుపు తీసే ఉంది. వచ్చెయ్యండి. మీరైనా మిగలండి."

"వాడు దొరికాడో దాటాడో తెలియకుండా ఎలా వస్తానమ్మా?" అన్నారు. పెరుగన్నం కలుపుతూనే ఉన్నారు. "నేను వెళ్తే అంతా హాస్యమేనని నమ్ముతారేమో. నమ్మకపోతే, వాడు ఒక్కడే ఉండకూడదు."

సోమవారం ఎయిర్‌పోర్టుకి నేనే డ్రైవ్ చేశాను.

"తెలుగులోనే కదమ్మా చెప్పాను!" అన్నాడు అంకుల్ తర్వాత, కళ్లనీళ్లు పెట్టుకుని. తిట్టడానికి నోరు తెరిచాను. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకున్నది నేనే కదా.

గిరిధర్ నుంచి గానీ ఆయన నుంచి గానీ ఇప్పటిదాకా కబురు లేదు. ఏప్రిల్‌లో మాత్రం ఆ దేశపు ప్రభుత్వ ఛానెల్ ఒక వీడియో పెట్టింది, తమ నాయకుణ్ణి విదేశాలు ఎలా మెచ్చుకుంటున్నాయో చూడమంటూ. సంఘం వీడియోగ్రాఫర్ దగ్గర మేజర్ ఆ రోజే కాపీ అడిగి తీసుకున్నాడట. అందులో మా హాలు ఆరు సెకన్లు కనిపిస్తుంది. మూడో వరసలో నేను, అందరికన్నా ముందు లేచి చప్పట్లు కొడుతూ. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. బలవంతాన కొడుతున్నట్టు ఎక్కడా కనపడదు.