ఉలవల మీద కారు

ఉలవల మాట కోర్టులో ఎత్తకూడదని లాయరు హరిబాబు గారు ధనలక్ష్మికి చెప్పీ చెప్పీ గొంతు ఎండబెట్టుకున్నారు. చెప్పిన ప్రతిసారీ ఆవిడ బుద్ధిగా తలూపింది.

చీపురుపల్లి అవతల వాళ్ల ఊళ్లో ఉలవ నూర్పంటే తారురోడ్డే. ఎండిన మొక్కలు రోడ్డుకి ఓ పక్కన పరిచేస్తే వచ్చేపోయే బళ్లే తొక్కి పెడతాయి, సాయంత్రానికి గింజలు రాలతాయి. రోడ్డు ప్రభుత్వానిది, డీజిలు పరాయివాడిది. ఇంతకంటే చవకైన వ్యవసాయం ఏ శాస్త్రవేత్త కనిపెట్టాడు గనక!

నిరుడు మాఘమాసంలో ఆమె మొగుడు తిరుమలరావు అలాగే పరిచాడు. పరిచి ఊరుకోకుండా, మొక్కల్ని తప్పించుకుపోయే బళ్లని తువ్వాలు ఊపి మరీ పిలిచాడు. పిలిచినవన్నీ ఎక్కి దిగాయి, ఒక్క తెల్లకారు తప్ప. అది మొక్కల మీద జారి అతన్నే కొట్టింది. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది, లోపల రాడ్డు వేశారు. ఇప్పుడు కర్ర లేనిదే అడుగు పడదు.

అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, గింజ పాడైపోతుందని ధనలక్ష్మి తోడికోడలు పద్మకుమారి మొక్కలన్నీ ఎత్తి రోడ్డు శుభ్రంగా ఊడ్చేసింది. పోలీసులు వచ్చేసరికి రోడ్డు అద్దంలా ఉంది.

ఊరు ఊరుకుంటుందా? "పిలిసి మరీ గుద్దించుకున్నాడ్రా" అని నవ్వుకుంది. ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచీ తిరుమలరావుకి నోట మాట తగ్గిపోయింది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద చేతిలోనే ఉండిపోయేది. కారు మీద వేసిన కేసులో పరిహారం వస్తే ధనలక్ష్మి వద్దనదు గానీ, ఆవిడకి అంతకంటే కావలసింది మరొకటుంది. ఎత్తు కుర్చీలో కూర్చున్నవాళ్లెవరైనా తప్పు కారువాడిదని చెప్పాలి, అది మొగుడు వినాలి.

"డ్రైవరు నిర్లక్ష్యం రుజువైతేనే పరిహారం" అన్నారు హరిబాబు గారు. "ఉలవలన్నావంటే నిర్లక్ష్యం నీ మొగుడిదే అంటారు. అతను రోడ్డు వారన నడిచి వెళ్తున్నాడు, నువ్వు క్యారేజీ పట్టుకెళ్తూ చూశావు. అంతే."

విజయనగరం కోర్టులో ఆ ముక్కలు ఆవిడ తడబడకుండా అప్పచెప్పింది. ఇన్సూరెన్సు వైపు లాయరు పెద్దవయసు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ప్రమాదం గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

"రోడ్డు పక్క మెరక పొలం మీదేనటగా తల్లీ. పాపం, అందులో ఏం పండుతుందిలే. నిరుడు ఓ బస్తా అయినా దిగిందా?"

ధనలక్ష్మికి ఒళ్లు మండింది. "బస్తాయేటి బాబూ! ఏడు బస్తాలు! మా సుట్టుపక్కల ఏ సేనూ అంత దిగనేదు. రోడ్డు మీద పరిస్తే సోటు సాలనేదు!"

హరిబాబు గారు కళ్లు మూసుకున్నారు. పెద్దలాయరు సంతోషంగా కూర్చున్నాడు. జడ్జిగారు ఆడమనిషి. కళ్లజోడు సవరించుకుని, "ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పు" అన్నారు.

"ఇంక దాసడానికేటుందమ్మా! మా ఆయనే పిలిసినాడు. రాజాం బస్సు ఎల్లింది, ఇటికల లారీ ఎల్లింది, పెళ్లోరి వేను ఎల్లింది. అందరూ అక్కడికొచ్చి నెమ్మదించారు. ఈ కారు బాబొక్కడే నెమ్మదించనేదు. సెవికాడ ఫోనెట్టుకొని నవ్వుతా వొచ్చినాడు. ఆపమని మా ఆయన రెండు సేతులూ ఎత్తినా సూడనేదు."

పెద్దలాయరు గెలుపు ఖాయం చేసుకుందామని కారు డ్రైవరు ఈశ్వర్‌ని బోనెక్కించాడు. ఫోను సంగతి అబద్ధమన్నాడు ఈశ్వర్. మొక్కల సంగతి మాత్రం నిజమేనని ఉత్సాహంగా చెప్పాడు.

"రోడ్డు నిండా మొక్కలేనండి. ఫర్లాంగు దూరం నుంచే కనిపించాయి!"

"అంత దూరం నుంచి కనిపించాయా?" అన్నారు జడ్జిగారు. "మరి స్పీడు ఎంతకి తగ్గించారు?"

ఈశ్వర్ తన లాయరు వైపు చూశాడు. లాయరు ఫైల్లో ఏదో వెతుక్కుంటున్నాడు.

నెల తిరిగాక తీర్పొచ్చింది. కనిపించిన అడ్డానికి వేగం తగ్గించనందుకు నాలుగింట మూడు వంతుల తప్పు డ్రైవరుది. రోడ్డుని కళ్లం చేసి బళ్లని పిలిచినందుకు ఒక వంతు తిరుమలరావుది. పరిహారంలో ఆ వంతు కోసేశారు.

"నీ ఏడు బస్తాల గొప్పకి పావు వంతు పోయింది" అని వరండాలో హరిబాబు గారు విసుక్కున్నారు. ధనలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. మెల్లగా వెళ్లి, బెంచీ మీద కూర్చున్న మొగుడికి తీర్పు చెప్పింది.

తిరుమలరావు కర్ర పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"నాది ఒక్క వంతేనా?"

"ఒక్క వంతే మావా."

"పిలిసింది నాను గదే. ఏడాదిబట్టీ అంతా నాదే అనుకుంటన్నాను." జనం చూస్తున్నారని కూడా లేకుండా అతను భోరుమన్నాడు. ధనలక్ష్మి పక్కన కూర్చుని అతని వీపు నిమిరింది. ఆవిడకీ కన్నీళ్లాగలేదు.

హరిబాబు గారు కంగారుగా వచ్చారు. "పావు వంతుకే ఇంత ఏడుపా! ఊరుకోవయ్యా, దానికీ అప్పీలు చేద్దాం."

తిరుమలరావు మొహం తుడుచుకున్నాడు.

"వొద్దు బాబూ" అన్నాడు. "అది నాదే."