శని సంచి బరువు, తొంభై ఆరు పిడకలు

మా లోయలో మైకు నాది. గుర్రాల పందెమైనా, పెళ్లయినా, ఆవు తప్పిపోయినా బార్పీ గొంతే మోగాలి. గొంతుకున్న సత్తా బుర్రకు లేదని మా ఆవిడ అంటుంది. ఆ మాట నిజమని ఆ రోజు మైదానం నిండా జనం ముందు రుజువైపోయింది.

కోక్‌బోరు ఆట మొదలవడానికి ఇంకా గంట ఉంది. రౌతులు జీన్లు బిగించుకుంటున్నారు. గోలు పక్కన మా బడిలో భౌతికశాస్త్రం చెప్పే ఊల్‌కాన్ ఎజె మూడు ఇసుక సంచులు పెట్టుకుని నిలబడింది. మా భాషలో ఎజె అంటే అక్క, బాయికే అంటే అన్న. గుర్రాల మీంచి వంగి మనవాళ్లు లాక్కుని గోలులో పడేసే మేక కళేబరం, అదే ఉలాక్, ఇక్కడ ముప్ఫై రెండు కిలోలు. అదే ఉలాక్ చంద్రుడి మీద, కుజుడి మీద, శని మీద ఎంత తూగుతుందో ఒక్కో సంచిలో అంత ఇసుక పోసింది. ఎత్తి చూసుకోవచ్చు.

సరదాకి కాదు. బడిలో ఆవిడ ప్రయోగాల గది మీద జట్టు నాయకుడు షైలోబెక్ కన్నేశాడు, జీన్లు పెట్టుకోవడానికి. హెడ్‌మాస్టరు ఓమురాలీ రెండు వైపులా తలూపే మనిషి. “ఊరికి పనికొస్తుందని ఇవాళ చూపించు, గది నీదే. లేదంటే సోమవారం నుంచి జీన్లది,” అన్నాడు.

మొదట బాగానే సాగింది. చంద్రుడి సంచి ఐదు కిలోలు. ఎనభై ఏళ్ల ముసలాయన ఒంటిచేత్తో ఎత్తి, “నన్ను అక్కడికి పంపండర్రా, మళ్లీ ఆడతాను!” అని అరిచాడు. కుజుడి సంచి పన్నెండు కిలోలు. దాన్ని ఆడవాళ్లు ఎగరేసి పట్టుకున్నారు. ఆ ఊపులో నేను సంచుల పక్కన ఎజె పెట్టిన పలక చూశాను: “శని ద్రవ్యరాశి, భూమికి తొంభై ఐదు రెట్లు.” ఇంకేం, లెక్క కట్టేశాను.

“వినండహో! శని మీద మన ఉలాక్ మూడు టన్నులు! శని పడితే మామూలుగా ఉంటుందా మరి! ఎత్తే మొనగాడెవరో రండి!”

షైలోబెక్ గుర్రమెక్కి దూసుకొచ్చాడు. జీను మీంచి వంగి, శని సంచిని ఒక్క ఊపున తొడ కిందికి లాక్కున్నాడు. జనం గొల్లుమన్నారు.

“ఏం ఎజే, మిగతా ఇసుక ఇంట్లో మర్చిపోయావా?”

“మర్చిపోలేదు. ముప్ఫై నాలుగు కిలోలే. మూడు టన్నులని నేను అన్లేదు, బార్పీ అన్నాడు.”

“పలక మీద తొంభై ఐదు రాసి సంచిలో ముప్ఫై నాలుగు పోస్తే ఎట్లా? ఇట్లాంటి లెక్కలకా అంత గది?”

ఓమురాలీ తలూపడం మొదలుపెట్టాడు, అదీ షైలోబెక్ వైపు. ఒక్క అరుపుతో ఆవిడ పరువు తీశాను, అదీ బరువు పేరుతో.

“గ్రహంలో ఎంత సరుకుందన్నది ఒక్కటే కాదు షైలోబెక్,” అంది ఎజె. “దాని నడిమధ్యకి నువ్వెంత దూరంలో ఉన్నావన్నది కూడా చూడాలి. శని ఉబ్బిపోయిన గ్రహం. అంచున నిలబడితే మధ్యకి మన భూమి కంటే తొమ్మిదిన్నర రెట్ల దూరం.”

“అక్కడ నిలబడ్డానికి నేలుందా?”

“లేదు. అంతా మబ్బులే.”

“నేలే లేని చోట ఉలాక్‌ని ఎక్కడ పడేస్తావ్?” మళ్లీ నవ్వులు. “మాటలొద్దు ఎజే. చూపించు.”

ఆవిడ ముఖం ఎర్రబడింది. చుట్టూ చూసింది. టీ కాచే ముసలమ్మ పొయ్యి పక్కన ఎండిన పిడకలు కనపడ్డాయి. ఆవిడ కళ్లు వెలిగాయి.

“పిడకలు! తొంభై ఆరు కావాలి! బార్పీ, మైకులో అరిచి చెప్పు!”

అరిచాను, పాపం కడుక్కునేలా అరిచాను. శాస్త్రంలో పిడకల వేట మొదలైంది! చలికాలానికి పేర్చుకున్న దొంతుల్లోంచి తలగుడ్డల్లో ఒకరు, జీను సంచుల్లో ఒకరు పరుగున తెచ్చారు. ఎజె నేల మీద ఒక గీత గీసింది. గీతకి ఇటు ఒక అంగ దూరాన ఒంటి పిడక. అటు తొమ్మిదిన్నర అంగల దూరాన తొంభై ఐదు, పక్కపక్కనే గుండ్రంగా పరిచి. అన్నీ అంటించారు. పొగ పోయి నిప్పు కణకణలాడేదాకా ఎవరూ కదల్లేదు.

“వేడి ఎలా పల్చబడుతుందో గ్రహం లాగుడూ అలాగే. రెండింతల దూరం పోతే నాలుగో వంతే మిగులుతుంది. తొమ్మిదిన్నర రెట్లు పోతే తొంభయ్యో వంతు. తొంభై ఐదుని తొంభైకి పంచు, ఎంత?”

“ఒకటి... ఒకటికి కాస్త ఎక్కువ,” అన్నాడెవరో.

“షైలోబెక్, గుర్రం దిగి గీత మీదికి రా. టోపీ కళ్ల మీదికి లాక్కో.”

అతన్ని బొంగరంలా తిప్పి వదిలాం. మంచు కొండల గాలి చెవులు కోస్తోంది. అరచేయి చాచాడు.

“ఏది ఒంటి పిడక?” ఎజె అడిగింది.

అతని చేయి ఇటూ అటూ ఊగింది. “ఇదే!” అన్నాడు ధీమాగా, తొంభై ఐదు నిప్పులకేసి చూపిస్తూ.

మైదానం దద్దరిల్లింది. “మళ్లీ తిప్పండి!” అన్నాడు. తిప్పాం. ఈసారి సరిగ్గా చెప్పాడు. మూడోసారి మళ్లీ తప్పు. నాలుగోసారి టోపీ పీకి నేలకేసి కొట్టాడు.

“రెండూ ఒక్కటేరా దేవుడా! అంత మంటా ఇంత పిడకతో సమానం!”

ఓమురాలీ కూడా వచ్చి చేయి చాచాడు, రెండుసార్లు తప్పాడు. ఇక తల ఊపడానికి అతనికి ఒకే దిక్కు మిగిలింది.

“నిన్న సగం జీన్లు ఆ గదిలో పెట్టించేశాను,” అని గొణిగాడు షైలోబెక్.

“తీయించు,” అంది ఎజె.

“ఒరే, నలుగురు పోయి తీసుకురండి! ఆ గదిలో ఒక్క జీనున్నా ఊరుకోను!” అని తనవాళ్లని తరిమాడు. అంతలో టీ ముసలమ్మ గీత మీద నిలబడి నిలదీసింది. “మరి చంద్రుడికి ఎంత మంట అమ్మాయ్?”

“ఒక పిడకని ఎనభై ఒక్క ముక్కలు చెయ్యి అమ్మా. అందులో ఒక్క ముక్క అంటించి, పావు అంగకి కాస్త అవతల పెట్టుకో. మన పిడకలో ఆరో వంతు వేడి తగులుతుంది.”

ఆట వేళ దాటింది. నేను మైకులో పిలుస్తూనే ఉన్నాను. ఒక్క గుర్రమూ గోలు దగ్గరికి రాలేదు. జట్టంతా ఒకచోట మూగి ఉంది. మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని షైలోబెక్ పిడక తుంచుతున్నాడు.

“నలభై రెండు, నలభై మూడు... కాసేపు నోరు మూసుకో బార్పీ బాయికే, లెక్క తప్పుతోంది!”